మా పాపని 'కుమారుడు' చేసిన పిటిషన్: మీడియేషన్‌లో నా అనుభవం

నిన్న జడ్జిగారి ముందు సంతకాలు అయిపోయాయి. ఏడేళ్ల మా పాప ఇక మీదట ఎప్పుడు ఎవరి దగ్గర ఉండాలో కాగితం మీదకి వచ్చింది. వాళ్లమ్మా నేనూ విడిగా ఉండబట్టి రెండున్నరేళ్లు. మర్చిపోకముందే రాసేస్తున్నా.

కేసు వేసింది నేనే. ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో ఉంది, ఐదు దాటాక వేద్దామని లాయర్ ఆపాడు. ఐదు దాటగానే పాప నాకొచ్చేస్తుందని లెక్కలేసుకున్నా. అదే చట్టంలో 13వ సెక్షన్ పిల్లల క్షేమమే అన్నిటికంటే ముఖ్యం అంటుందని మాత్రం ఆయన చెప్పలేదు. జీడబ్ల్యూఓపీ, అంటే పాపని నాకప్పగించమనే పిటిషన్, వేశాం. నోటీసు, దానికి వాళ్ల జవాబు కౌంటర్, మూడు వాయిదాలు. నాలుగో వాయిదాకి ఫైలు మీడియేషన్‌కి, అంటే మధ్యవర్తి దగ్గర రాజీ ప్రయత్నానికి, వెళ్లింది.

"టైమ్ వేస్టండీ, ఒకసారి వెళ్లి కుదర్లేదని చెప్పేసి రండి" అన్నాడు లాయర్. వాయిదాకింత అని పుచ్చుకునేవాడు రాజీ పడమని ఎందుకంటాడు? ఫ్యామిలీ కోర్టు ముందు రాజీకి ప్రయత్నించి తీరాలని 1984 చట్టం 9వ సెక్షన్‌లోనే ఉందని తర్వాత నేనే చదువుకున్నా.

కోర్టు పైఅంతస్తులో చిన్న గది, గుండ్రటి బల్ల. పైసా ఫీజు లేదు. మీడియేటర్ ఒక పెద్దావిడ. ఇక్కడి మాటలు ఈ గది దాటవు, కోర్టుకి తను రాసేది కుదిరిందా లేదా అన్నదొక్కటే అని ముందే చెప్పారు. మా అమ్మనీ మా మామగారినీ బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. మా అమ్మకి కోపం వచ్చింది. పెద్దమనుషుల పంచాయితీల్లో మాటకి మాట అందించేది వీళ్లే కాబట్టి, ఆ గది సగం పని తలుపు వేయడంతోనే అయిపోయిందని ఇప్పుడనిపిస్తోంది.

రెండో సిట్టింగ్‌లో నన్నొక్కణ్ణే పిలిచారు. నా పిటిషన్ చేతికిచ్చి, "తొమ్మిదో పేరాలో ఏముందో మీరే తెలుగులో చెప్పండి" అన్నారు. చదువుతూ చెప్పడం మొదలుపెట్టా. "మైనర్ కుమారుణ్ణి తల్లి సరిగా చూసుకోవట్లేదు, క్రికెట్ కోచింగ్ కూడా మాన్పించింది..."

నోరు ఆగిపోయింది.

"మీకు బాబు కూడా ఉన్నాడా?" అన్నారావిడ. నవ్వలేదు, వెటకారమూ లేదు. అదే ఎక్కువ మండింది.

వేరే ఎవరి కేసులోదో ఎత్తి నాకు అతికించాడు. పదకొండో పేరా ఇంకా ఘోరం. రాత్రి పొద్దుపోయేదాకా స్నేహితులతో తిరుగుతుందట. మా ఆవిడ జూనియర్ కాలేజీలో లెక్చరర్, ఆరింటికల్లా ఇంట్లో ఉంటుంది. ఊరూ పేరూ తెలియని ఆడమనిషి మీద రాసింది తెచ్చి ఈవిడ నెత్తిన పెట్టాం. ప్రతి పేజీ కింద నా సంతకం. చివర్లో పైవన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ఇంకో సంతకం. బ్యాంకులో లోన్ ఫైళ్లు చూసేవాణ్ణి నేను, ఒక్క సున్నా తేడా వచ్చినా పట్టేస్తాడని బ్రాంచిలో పేరు. ఇంకా సిగ్గు ఏంటంటే, మాకు కొడుకు లేడని వాళ్ల కౌంటర్ మొదటి పేరాలోనే రాశారు. అదీ చదవలేదు.

ఇద్దర్నీ కూర్చోబెట్టాక సారీ చెప్పా. "పెళ్లయ్యాక ఇదే మొదటిసారి" అంది మా ఆవిడ. రెండోసారి అన్నా. అప్పుడు మాత్రం మీడియేటర్ గారు నవ్వారు.

తర్వాతవి చకచకా తేలాయి. స్కూలు రోజుల్లో అమ్మ దగ్గర, రెండో, నాలుగో శనివారాలు ఉదయం నుంచి ఆదివారం సాయంత్రం దాకా నా దగ్గర. వేసవి సెలవులు చెరిసగం. భోగి నుంచి కనుమ దాకా ఒక ఏడు అక్కడ, ఒక ఏడు ఇక్కడ. పుట్టినరోజు దగ్గర కాసేపు పట్టుబట్టాం గానీ, తేదీ ప్రకారం కేకు వాళ్లింట్లో, తిథి ప్రకారం తలంటు మా అమ్మ చేత అని ఆవిడే తేల్చేశారు. పాస్‌పోర్టుకి ఇద్దరం సంతకం పెట్టాలని కూడా రాయించుకున్నా. అది మర్చిపోకండి. పాపని ఆ గదికి తీసుకెళ్లకండి. "అమ్మ కావాలా నాన్న కావాలా" అని ఇంట్లోనూ అడక్కండి. నేను ఒకసారి అడిగా, రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. రేపు పరిస్థితులు మారితే ఈ ఏర్పాటు మార్చమని మళ్లీ కోర్టుని అడగొచ్చు, కాబట్టి ప్రతి గంటకీ బేరం అక్కర్లేదు.

లాయర్‌కి మాత్రం చివరి ఫీజు ఇంకా ఇవ్వలేదు. ఫోన్ చేస్తున్నాడు.

ఒప్పందం కాగితాలు సంతకానికి ముందు మూడుసార్లు చదివా. నాలుగో పేజీలో ఆదివారం సాయంత్రం ఆరు బదులు ఉదయం ఆరు అని పడింది. చూపిస్తే టైపిస్టు విసుక్కుంటూ మళ్లీ కొట్టిచ్చాడు. అదీ చదివి అప్పుడు సంతకం పెట్టా.