ఉయెసుగి ఇంట్లో జంట గీతలు

జపాన్ పాత వంశాల మీద ఆసక్తి పుట్టాక నేను మొట్టమొదట గీద్దామనుకున్న వంశవృక్షం ఉయెసుగి అనే సమురాయ్ వంశానిది. ఆ ఇంటి పెద్ద, 16వ శతాబ్దపు యోధుడు కెన్షిన్ అంటే నాకు ముందు నుంచీ ఇష్టం, అందుకని. ఆయనకి వెనక నాలుగు తరాలు, ముందు నాలుగు తరాలు వేస్తే చాలు కదా అని పెద్ద కాగితం పరుచుకుని కూర్చున్నాను. మొదటి గీత దగ్గరే ఆగిపోయాను, ఎందుకంటే కెన్షిన్ అసలు ఉయెసుగి ఇంట్లో పుట్టలేదు.

పుట్టింది నగావో ఇంట్లో, అప్పటి పేరు కగెతోరా. నగావో వాళ్లు తమది తైరా వంశం అంటారు, ఉయెసుగి వాళ్లది ఫుజివారా వంశం. 1561లో ఉయెసుగి నొరిమసా అతన్ని దత్తత తీసుకుని ఇంటిపేరుతో పాటు తన పదవి కూడా అప్పజెప్పాడు. ఇప్పటి వంశపటాల్లో కన్నకొడుక్కి ఒంటి గీత, దత్తుడికి జంట గీత వేస్తారు కాబట్టి నేనూ జంట గీత గీశాను. కెన్షిన్‌కి పిల్లల్లేరు. అక్క కొడుకు కగెకత్సునీ, హోజో ఇంటి నుంచి వచ్చిన ఇంకో కుర్రాణ్నీ దత్తత చేసుకున్నాడు, 1578లో ఆయన పోగానే వాళ్లిద్దరూ వారసత్వం కోసం యుద్ధానికి దిగారు, కగెకత్సు గెలిచాడు. మళ్లీ జంట గీత. 1664లో కగెకత్సు మనవడు త్సునకత్సు వారసుణ్ని ప్రకటించకుండానే చనిపోతే, అతని మేనల్లుణ్ని, కిరా ఇంట్లో అంతకు ముందు ఏడాదే పుట్టిన పసివాణ్ని తెచ్చి నిలబెట్టారు. ఇల్లు నిలిచింది గానీ 3,00,000 కోకుల (సంస్థానం రాబడిని లెక్కగట్టే వడ్ల కొలత) సంస్థానం 1,50,000కి పడిపోయింది. ఆ తర్వాత, అప్పుల్లో కూరుకుపోయిన ఉయెసుగి సంస్థానం యొనెజావాని గట్టెక్కించాడని ఇప్పటికీ పేరున్న హరునొరి. ఆయన కూడా దత్తుడే, అకిజుకి ఇంటి బిడ్డ, క్యూషూ దీవిలోని తకనబె వాళ్లు.

మొదట్లో నాకు ఇదంతా చిరాకుగా అనిపించింది, ఇక ఇందులో వంశం ఎక్కడుంది అని. తర్వాత మెల్లగా అర్థమైంది, అక్కడ కొనసాగాల్సింది 'ఇయె', అంటే ఇల్లు. ఇంటిపేరు, సంస్థానం, పితృదేవతల పూజ ఆగకూడదు, అందుకు ఒక మగవాడు కావాలి, అతను ఎవరి కడుపున పుట్టాడన్నది రెండో మాట. జపాన్‌ని ఏకం చేసిన హిదెయోషిదైతే ఇంకా విచిత్రం. 1585లో కంపకు, అంటే చక్రవర్తి తరఫున పాలించే పదవి కావాలంటే ఫుజివారా వాడై ఉండాలి, అందుకని దాదాపు తన ఈడువాడే అయిన ఫుజివారా ప్రభువు కొనొయె సకిహిసాకి కొడుకయ్యాడు! తర్వాత షోగన్ (సైనిక పాలకుడు) అయిన ఇయెయాసు కూడా 1566లో మత్సుదైరా పేరు వదిలి తొకుగావా అయ్యాడు, కొన్నాళ్లు ఫుజివారా అన్నాడు, చివరికి మినమోతో వంశం దగ్గర స్థిరపడ్డాడు. అందుకే ఏ పెద్ద ఇంటి వంశపత్రాన్నైనా అది ఎప్పుడు రాశారు, ఎవరికి చూపించడానికి రాశారు అని చూడకుండా నమ్మకూడదని నా అభిప్రాయం.

ఉయెసుగి కాగితం మాత్రం వదల్లేదు. మళ్లీ చూస్తుంటే తట్టింది, నొరిమసా దగ్గర తెగిన రక్తసంబంధం ఆ తర్వాత జంట గీతల దగ్గర తెగలేదు. కగెకత్సు తల్లి కెన్షిన్ అక్క. కిరా ఇంటి పసివాడు త్సునానొరి తల్లి త్సునకత్సు తోబుట్టువు. హరునొరి అమ్మమ్మ ఆ త్సునానొరి కూతురు. అంటే మగవాళ్ల వరస తెగిన చోటల్లా ఆడవాళ్ల వైపు నుంచి అతుక్కుంటూ వచ్చింది!

మరి వాళ్ల పేర్లో? 1812లో షోగన్ ప్రభుత్వం పూర్తి చేయించిన, 1,500 పైచిలుకు సంపుటాల వంశావళిలో కొడుకులకి పేర్లు, పదవులు, తేదీలు అన్నీ ఉంటాయి, కూతురి దగ్గర 'ఆడపిల్ల' అని రెండక్షరాలు, పక్కన ఫలానావారి భార్య అని. 14వ శతాబ్దంలో తోయిన్ కిన్సదా కూర్చిన వంశావళి 'సొంపి బున్మ్యకు'లో 'గెంజి గాథ' రాసిన మురసాకి షికిబు అంతటి రచయిత్రి కూడా తండ్రి తమెతొకి కింద 'ఆడపిల్ల'గానే ఉంది, రచయిత్రి అన్న సంగతి పక్కన చిన్న వివరణలో రాశారు. ఆవిడ అసలు పేరు మనకి మిగల్లేదు. కెన్షిన్ అక్కని సెంతోయిన్ అంటాం, అదీ సన్యాసం పుచ్చుకున్నాక వచ్చిన పేరే.

నిన్న రాత్రి ఆ కాగితం తీసి ముగ్గురు తల్లుల దగ్గరా ఎర్ర పెన్సిల్‌తో ఒంటి గీతలు గీశాను. జంట గీతల పక్కనే ఉన్నాయి అవి, కెన్షిన్ నుంచి హరునొరి దాకా, ఎక్కడా తెగకుండా.