సరంగు మాటకు ఎన్ని పాయింట్లు?

బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా, మాటలతో పాచికలతో కథ నడిపే ఆటలు (రోల్‌ప్లేయింగ్ గేమ్స్) ఉన్నాయి. వాటిలో పాత్రను తయారుచేసుకునేటప్పుడు కొత్తవాళ్లు చాలామంది లోపాల పట్టికలో ముందుగా ఏదో ఒక మంచి గుణం మీద వేలు పెడతారు. చేతులు కట్టేసే నియమం కూడా లోపం కిందే లెక్క కాబట్టి నైపుణ్యాలు కొనుక్కునే పాయింట్లు వస్తాయి, పాత్రకు మంచి పేరు వస్తుంది, ఆటలో అడ్డమూ రాదు. ఆ మూడో మాట దగ్గరే నాకు పేచీ. అడ్డం రాని నీతికి పాయింట్లు ఎందుకివ్వాలి?

అమలాపురంలో మేము ఆడేది ఇలాంటి ఆటల్లో ఒకటైన గర్ప్స్, కథ నడిపేది నేను. అందులో నిజాయితీ అంటే చట్టానికి కట్టుబడి ఉండటం. దాని మూల విలువ మైనస్ 10, అంటే తీసుకున్నవాడికి 10 పాయింట్లు వస్తాయి. నియమం తప్పాలనిపించినప్పుడు మూడు పాచికలు వేస్తాం. మొత్తం 12 లేదా అంతకు తక్కువ పడితే ఆ పూటకు నియమాన్ని పక్కన పెట్టవచ్చు. అలా పడే అవకాశం నూటికి 74. ఆ 12ను 6కు దించుకుంటే పాయింట్లు రెట్టింపవుతాయి, తప్పించుకునే అవకాశం నూటికి 9కి పడిపోతుంది. అదే పట్టికలోని వ్రతానికి, అహింసకు ఈ పాచికలు కూడా లేవు, పట్టినవాడు పాటించవలసిందే. హీరో సిస్టమ్ అనే ఇంకో ఆటలో లెక్క వేరు. నియమం ఎంత తరచుగా ఎదురవుతుంది, ఎదురైతే ఎంత గట్టిగా పట్టుకుంటుంది అన్న రెండింటిని బట్టి విలువ కడతారు. నేను ఆ రెండూ అడిగి, మూడోది కలుపుతాను: పాటిస్తే నీకేం పోతుంది?

ఇప్పటి మా కథ 1986 ఆగస్టు వరదలో, లంక గ్రామాల మధ్య నడుస్తోంది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. (గర్ప్స్ తొలిసారి అచ్చయిందీ ఆ ఏడాదే.) మా మేనల్లుడిది సరంగు పాత్ర, అంటే లాంచీ నడిపేవాడు. మొదట "ధర్మం తప్పడు" అని రాసుకొచ్చాడు. ఆ ధర్మమేదో రేవులో చూపించమన్నాను. కాసేపు ఆలోచించి, "రేవులో ఒక్క మనిషి నిలబడి ఉన్నా వదిలేసి రాను" అని రాశాడు.

"మరి లాంచీ నిండిపోతే, మామయ్యా?" అని మళ్లీ వాడే అడిగాడు.

నాకు ఎంత సంతోషమేసిందో! నియమం అంచు ఎక్కడుందో వాడే వెతుక్కుంటున్నాడు. నిండితే దించేసి మళ్లీ వెళ్లాలి, చీకటి పడినా, ఏటిగట్టుకు గండి పడిందని తెలిసినా వెళ్లాలి అని తేల్చుకున్నాం. వ్రతంగా మైనస్ 10 ఇచ్చాను. తప్పాడో లేదో బల్ల చుట్టూ ఉన్న అందరికీ కనిపిస్తుంది. డీజిల్ పోతుంది, వెలుగు పోతుంది, ప్రాణం మీదకూ రావచ్చు. అదే వేసవి కథ అయితే, పాయలో ఇసుక తేలి జనం కాలినడకన దాటే రోజుల్లో, ఈ నియమానికి 5 కూడా ఇవ్వను.

పోయేది ప్రాణమే కానక్కరలేదు. ఇంతకు ముందు దాళ్వా (రెండో పంట) కాలంలో జరిగే కథ ఒకటి నడిపాను, అందులో కాలువ తూములు చూసే లస్కరు ఒకడు ఉండేవాడు. శివారు చేలకు నీరందకుండా ఎగువవాళ్లకు వంతు తప్పించి తూము ఎత్తడు. ఎగువ చేను సొంత బావగారిది. కత్తి దూయకుండానే ఆ పాత్ర ఇంట్లో పండగలన్నీ పాడయ్యాయి. మా బల్ల మీద నాకు అన్నిటికన్నా ఇష్టమైన నియమం అదే.

నియమం నలుగురికీ తెలిసిందైతే శత్రువుకూ తెలుస్తుంది. అడిగినవాడికి కర్ణుడు లేదనడని తెలిసే ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చాడు. మా కథలో కొబ్బరి దళారీ ఒకడు సరంగును దారి మళ్లించడానికి అవతలి ఒడ్డున మనిషిని నిలబెట్టాడు. కానీ ఇలాంటి ఉచ్చు ప్రతి పూటా పన్నితే ఆడేవాడికి ఆ నియమమంటేనే విసుగొస్తుంది. ఎటు వెళ్లినా చావే అనిపించేలా పెట్టడం మరీ అన్యాయం. కష్టపడితే దొరికే మూడో దారి ఒకటి నేను ముందే ఆలోచించుకుని కూర్చుంటాను.

"నా ఎదుట ఎవరూ అబద్ధమాడకూడదు" లాంటివి మాత్రం వెనక్కి ఇచ్చేస్తాను. పాయింట్లు అతనికి, ఇబ్బంది పక్కవాళ్లకు.

సరంగు ఎప్పుడైనా మాట తప్పితే? వెంటనే పాయింట్లు కోయను. వదిలేసిన మనిషి ఎవరో, ఆ వార్త ఏ రేవు దాకా పాకిందో ముందు ఆడిస్తాను. మరుసటి వారం లాంచీ ఎక్కడానికి జనం వెనకాడతారు, కూలీలు ముందే డబ్బు అడుగుతారు. నియమం ఇక వద్దనుకుంటే, ఆటలో సంపాదించిన పాయింట్లలోంచి ఆ 10 కట్టి వదిలించుకోవాలి.