డాట్‌నెట్ రన్‌టైమ్ ఉన్నా తెరుచుకోని సాఫ్ట్‌వేర్: నా అనుభవం

బార్‌కోడ్ లేబుళ్లు ముద్రించే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌ను మైక్రోసాఫ్ట్ వారి ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్ 8లో రాసి ఒక సంస్థకు అందజేసే పని నిన్నటితో పూర్తయింది. ఇన్‌స్టాలర్ తయారీ, దానికి డిజిటల్ సంతకం ఇబ్బంది లేకుండానే జరిగిపోయాయి. చిక్కంతా రన్‌టైమ్ దగ్గరే, అంటే ప్రోగ్రాము నడవడానికి కంప్యూటర్‌లో ఉండవలసిన డాట్‌నెట్ భాగం దగ్గరే వచ్చింది.

రన్‌టైమ్‌ను విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే పద్ధతిలో ఇస్తే మన ఫైళ్లు చిన్నవిగా ఉంటాయి కనుక మొదట అలాగే ఇచ్చాను. తమ కంప్యూటర్లలో డాట్‌నెట్ 4.8 ఎప్పటినుంచో ఉందని ఆ సంస్థ కంప్యూటర్ విభాగం వారు వాదించారు. విండోస్‌తో పాటు వచ్చే 4.8 అనేది 2019 నాటి డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ అనీ, 2023 నవంబరులో విడుదలైన డాట్‌నెట్ 8 దానికి కొనసాగింపు కూర్పు కాదనీ, ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదనీ వివరించాక 8 ఇన్‌స్టాల్ చేశారు. అయినా ప్రోగ్రామును తెరవబోయిన ప్రతిసారీ, డాట్‌నెట్‌ను ఇన్‌స్టాల్ లేదా అప్‌డేట్ చేయాలన్న సందేశమే వచ్చేది.

ఆ విభాగం అధికారి సిబ్బంది అందరి ముందూ, "రన్‌టైమ్ ఉంది కదండీ, మీ ప్రోగ్రామే సరిగా లేదని ఒప్పుకోండి" అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధించింది. కమాండ్ ప్రాంప్ట్‌లో రన్‌టైమ్‌ల జాబితా తీయిస్తే, విండోస్ డెస్క్‌టాప్ యాప్ 8 స్పష్టంగా కనిపించింది. ఆయన గొంతు ఇంకా పెరిగింది. ఆ వరుస చివరనున్న ఫోల్డర్ దారి చూశాక గాని అసలు సంగతి బయటపడలేదు. అది ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని 64 బిట్ రన్‌టైమ్. ప్రింటర్ తయారీదారు ఇచ్చే డీఎల్ఎల్ (నా ప్రోగ్రాము వాడుకునే కోడ్ ఫైలు) 32 బిట్‌లోనే దొరుకుతుంది కాబట్టి నా ప్రోగ్రాము కూడా 32 బిట్‌దే, దానికి ఎక్స్86, అంటే 32 బిట్ రన్‌టైమే కావాలి. ఇన్‌స్టాల్ చేయవలసినది ఎక్స్86 డెస్క్‌టాప్ రన్‌టైమ్ అని నేను పంపిన సూచనల మొదటి పుటలోనే ఉంది. దానిని చదవకుండానే నలుగురిలో నన్ను నిలదీశారు.

అడ్మిన్ హక్కులు ఇతరుల చేతిలో ఉన్నచోట రన్‌టైమ్‌ను ప్రోగ్రాములోనే కలిపి ఇవ్వడమే మేలు. నేను చివరకు అదే చేశాను. ఫోల్డరు వంద ఎంబీ దాటింది, కాని అన్ని కంప్యూటర్లలోనూ వెంటనే తెరుచుకుంది. అయితే ఇలా కలిపి ఇచ్చినప్పుడు రన్‌టైమ్ భద్రతా సవరణలు ప్రోగ్రాముకు వాటంతట అవి చేరవు, మనమే మళ్లీ బిల్డ్ చేసి పంపాలి. డాట్‌నెట్ 8కు మద్దతు 2026 నవంబరు 10తో ముగుస్తుంది కనుక, ఆలోగా డాట్‌నెట్ 10కి మార్చిన కూర్పు వేసుకోవలసి ఉంటుందని వారికి రాతపూర్వకంగా తెలియజేశాను.