పాలు పొంగిన పూట

ఇవాళ ఈ లోను ఫోను రావడం ఇది మూడోసారి. మొదటి రెండూ పోనీలే అనుకున్నాను. మూడోది సరిగ్గా పాలు పొయ్యి మీదున్నప్పుడే వచ్చింది. పార్సిలబ్బాయేమోనని చెయ్యి తుడుచుకుని ఎత్తితే, "అభినందనలు! మీకు ఐదు లక్షల లోను..." అంటూ రికార్డింగు గొంతు. మనిషైతే నాలుగు దులిపేద్దును. తిట్టించుకోడానికైనా మనిషిని పెట్టరేం? వద్దనుకుంటే తొమ్మిది నొక్కాలట. ఛస్తే నొక్కను. నొక్కితే ఈ నంబరు వెనక మనిషుందని వాళ్లకి తెలిసిపోదూ! వెనక్కి తిరిగేసరికి పాలు గట్టు మీంచి కాలవ కట్టేశాయి.

"ఎవులమ్మా ఫోను?" అంది అత్తమ్మ.

"ఎవులూ కారు."

"ఎవులూ కానోలతో అంతసేపేటి?"

ఇలాంటి ప్రచార ఫోన్లేవీ వద్దని 1909కి 'స్టార్ట్ 0' అని మెసేజీ ఎప్పుడో పెట్టాను. అబద్ధమెందుకు, 140తో మొదలయ్యే ప్రచార నంబర్ల ఫోన్లు తగ్గాయి. వీళ్లేమో మామూలు పదంకెల నంబర్ల నుంచి చేస్తారు. ఒకటి బ్లాకు చేస్తే రేపు ఇంకోటి. ఒళ్లు మండి, సేవ్ చెయ్యని నంబర్లేవీ మోగకుండా సెట్టింగు మార్చేశాను. మధ్యాహ్నమంతా ఎంత హాయో!

కానీ సాయంత్రం అంట్లు తోముతుంటే తిత్లీ తుఫాను గుర్తొచ్చింది. 2018 అక్టోబరు 11, ఇంకా తెల్లారకుండానే పలాస దగ్గర తీరం దాటింది. పిన్ని వాళ్లది ఉద్దానం. రెండు రోజులు ఎన్నిసార్లు చేసినా 'అందుబాటులో లేరు' అనే గొంతే. ఆ గొంతుతోనూ పోట్లాడాను, "మళ్లీ చూడవే" అని. మూడో రాత్రి ఎవరిదో నంబరు. జనరేటరు దగ్గర ఛార్జింగు పెట్టుకున్న కుర్రాడిదట. "బతికే ఉన్నామే. కొబ్బరిచెట్టు ఒక్కటి నిలబడ్లేదు" అంది పిన్ని. అంతే, కట్టయిపోయింది. ఆ నంబరు ఇప్పటికీ నా ఫోన్లో 'ఉద్దానం కుర్రాడు' అనే ఉంది. పేరడగలేదు.

తడి చేత్తోనే సెట్టింగు తీసేశాను. ఇందాక కూర్చుని ఆ మూడు నంబర్లూ, తారీకూ, వాళ్లు వాగిందీ రాసి 1909కి ఫిర్యాదు పంపాను. ఏడు రోజుల్లోపు పంపాలి, ఇదివరకు మూడే ఇచ్చేవారు. వాళ్లేం చేస్తారో చూడాలి.

అన్నట్టు పార్సిలు రాలేదు. ఆ అబ్బాయి నాలుగున్నరకి చేశాడట, మోగితేగా! రేపు మళ్లీ చేస్తాడు, ఏ నంబరు నుంచో. పాలగిన్నె ఇంకా నానుతూనే ఉంది.