మూగవాడు తిన్న చేదు

నాకు షుగర్ ఉందని చెప్పిన కాగితం చూసి ముందు సంతోషించాను. అందులో ఓ చోట 13.2 అని ఉంది. చైనా లిపి చదవడం రాదు కాబట్టి హిమోగ్లోబిన్ అనుకున్నాను. పదమూడుంటే రక్తం బాగానే ఉన్నట్టేగా! మా ఆఫీసులో లెక్కలు చూసే ఆవిడ కాగితం లాక్కుని చూసి, "లావోబాన్, ఇది షుగర్" అంది. లావోబాన్ అంటే యజమాని అని. అక్కడ షుగర్‌ని మనలా మిల్లీగ్రాముల్లో చెప్పరు, మిల్లీమోల్స్‌లో చెబుతారు. మన లెక్క కావాలంటే 18తో హెచ్చవేయాలి. వేశాను. 238 వచ్చింది, అదీ పరగడుపున.

నేనుండేది గ్వాంగ్జౌ పక్కన ఫోషాన్‌లో. విజయవాడ, గుంటూరు, హైదరాబాద్ నుంచి ఇల్లు కట్టుకునేవాళ్లు సోఫాలకీ టైల్స్‌కీ వస్తే షాపులు తిప్పి, బేరమాడి, కంటైనర్ ఎక్కించడం నా పని. పగలంతా తిరుగుడు, రాత్రి తొమ్మిదికి కుక్కర్ నిండా అన్నం, పప్పు, ఆవకాయ. పండక్కి ఇంటికెళ్లినప్పుడు విజయవాడలో డాక్టరుగారికి చూపించుకున్నాను. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.4. మెట్‌ఫార్మిన్ రెండు పూటలా, పొద్దున గ్లిమిపిరైడ్ ఒకటి రాశారు. తిరిగొచ్చాక గ్వాంగ్జౌలో మనవాళ్ల మెస్‌లో కూర్చుంటే అందరూ డాక్టర్లే. "ఇంగ్లీషు మందులు కిడ్నీలు తినేస్తాయి అన్నా. చైనాలో ఉండి చైనా మందు వాడవేంటి?" అన్నాడొకాయన. అదీ నిజమే కదా అనిపించింది. తిరుపతిలో ఉండి కొండెక్కనట్టు.

మా ఆఫీసావిడ నన్ను సంప్రదాయ వైద్యం చేసే ఆసుపత్రికి తీసుకెళ్లింది. పసరు వాసన, గడ్డాల ముసలాయన ఉంటారనుకున్నాను. ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు, టోకెన్ నంబర్లు, అన్నీ మామూలు ఆసుపత్రిలానే ఉన్నాయి. డాక్టరుకి అరవై దాటి ఉంటాయి. మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి ఒక్కో వేలూ విడివిడిగా నొక్కుతూ చాలాసేపు చూశాడు. తర్వాత రెండో చెయ్యి. నాలుక చాపమన్నాడు. అంచుల్లో పళ్ల గుర్తులున్నాయని రాసుకున్నాడు. అప్పుడు అడిగాడు, రాత్రి ఏం తింటావని. చేతుల్తో అన్నం కొలత చూపించాను. ఆవిడ అనువదించే లోపే ఆయనకి నవ్వొచ్చింది. "ఇది మా ఇంట్లో ముగ్గురికి సరిపోతుంది" అన్నాడట.

ఈ జబ్బుని వాళ్లు పూర్వం 'శియావోకే' అనేవాళ్లు. మనిషి కరిగిపోతూ దాహంతో అల్లాడే జబ్బని అర్థం. మనవాళ్లు తియ్యదనాన్ని చూసి మధుమేహం అన్నారు, వాళ్లు దాహాన్ని చూసి పేరు పెట్టారు. ఏడో శతాబ్దంలో సున్ సిమియావో అనే పెద్ద వైద్యుడు ఈ రోగులకి మూడు వద్దన్నాడట: మద్యం, దాంపత్య సుఖం, ఉప్పు తిండితో పాటు పిండి తిండి. మూడోదాన్ని చెబుతూ డాక్టరు మళ్లీ నా చేతుల వంక చూశాడు. రెండోదానికి భార్య విజయవాడలో ఉంది, ఆ పథ్యం ఎప్పణ్నుంచో నడుస్తోంది.

మెట్‌ఫార్మిన్ మానొద్దని గట్టిగా చెప్పాడు. నేను చెప్పింది ఆ ఒక్క మాత్ర గురించే. గ్లిమిపిరైడ్ సంగతి మర్చిపోయాను, చిన్న మాత్రే కదా అని.

మందుల కౌంటర్లో గోడంతా చెక్క సొరుగులు. తెల్లకోటు అమ్మాయి చిన్న త్రాసుతో తూచి, వేళ్లతో సమంగా పంచి, ఏడు పొట్లాలు కట్టింది. కొన్నింటిని పోల్చుకున్నాను. తెల్లటి చెక్కలు పెండలం ముక్కలు. పొట్లకాయ జాతి తీగ వేరొకటుంది. మొక్కజొన్న పీచు కూడా ఉంది, మనం పొత్తు వలిచి పారేసేది. పసుపుకొమ్ము విరిచినట్టు లోపల మెరిసే సన్నటి వేరుముక్కలు హువాంగ్‌లియాన్. మట్టికుండలోనే కాయాలి, ఇనుము తగలకూడదు. అరగంట నానబెట్టి, కాచి వడకట్టి, మళ్లీ నీళ్లు పోసి రెండోసారి కాచి, రెండు కషాయాలూ కలిపి పొద్దున సగం, సాయంత్రం సగం తాగాలి.

చేదంటే కాకరకాయనీ వేపపువ్వునీ తిన్న నాలుక నాది. అయినా మొదటి గుక్కకి కళ్లు తిరిగాయి. ఆ చేదు నాలుక మీద ఆగదు, చెవుల వెనక్కి పాకుతుంది. మా ఆఫీసావిడ పగలబడి నవ్వి వాళ్ల సామెత చెప్పింది: మూగవాడు హువాంగ్‌లియాన్ తిన్నట్టు. చేదుగా ఉన్నా చెప్పుకోలేడని. నాకూ భాష రాదు మరి!

ఆ పసుపు వేరులో ఉండేది బెర్బెరిన్. మన మానుపసుపులోనూ అదే ఉంది. చైనాలో దాన్ని విరేచనాలు తగ్గడానికి చవక మాత్రగా అమ్ముతారు. 2008లో అచ్చయిన ఒక అధ్యయనంలో షాంఘై వైద్యులు 36 మంది కొత్త షుగర్ రోగుల్లో కొందరికి బెర్బెరిన్, కొందరికి మెట్‌ఫార్మిన్ ఇస్తే మూడు నెలల్లో షుగర్ దాదాపు ఒకేలా తగ్గింది. విన్నప్పుడు ఎగిరి గంతేశాను. తర్వాత తట్టింది, 36 మందంటే మా ఇంట్లో పెళ్లిచూపులకొచ్చే జనం కంటే తక్కువ.

కషాయం ఆరు వారాలు తాగాను. రాత్రి అన్నం పావుకి తగ్గింది, భోజనం కాగానే నది ఒడ్డున గంట నడక. పరగడుపు షుగర్ 150కి దిగింది. అయితే ఊళ్లు తిరిగే పనివాడికి మట్టికుండతో కుదరదు. అప్పుడే మెస్ ఆయన మాత్రల సీసా చేతిలో పెట్టాడు. మిరియాల్లాంటి నల్లటి గుళికలు, జబ్బు పాత పేరే మందు పేరు. "అంతా ఆకులూ వేర్లే. పూటకి పది, రోజుకి మూడుసార్లు" అన్నాడు. మొదలుపెట్టాను. నాలుగు రోజుల్లో షుగర్ 110! ఇదిరా మందంటే, అనుకున్నాను.

తొమ్మిదో రోజు లెకాంగ్ ఫర్నిచర్ మార్కెట్‌లో గుంటూరు దంపతులకి సోఫాలు చూపిస్తున్నాను. మధ్యాహ్నం రెండున్నర, భోజనం కాలేదు. ధర కొడదామని కాలిక్యులేటర్ తీస్తే వేలు ఏడు మీద పెట్టబోయి నాలుగు మీద పడుతోంది. మళ్లీ కొట్టాను, మళ్లీ నాలుగే. ఏసీలో చొక్కా తడిసిపోయింది. "అన్నయ్యగారూ, ఏంటా చెమటలు? కూర్చోండి ముందు" అంటూ ఆ తల్లి బ్యాగులోంచి సున్నుండ తీసి నా నోట్లో కుక్కింది. అదే కాపాడింది. ఆసుపత్రిలో చూస్తే 2.9. మన లెక్కలో 52.

గ్లూకోజ్ ఎక్కించాక లేచి వెళ్లబోతే అత్యవసర విభాగం కుర్రడాక్టరు ఆపాడు. నా సంచిలోంచి ఆ సీసా తీసి, వెనక సన్నటి అక్షరాల్లో నాలుగింటి కింద గోరు పెట్టి గీశాడు. ఫోన్‌లో తర్జుమా చేసి చూపించాడు. గ్లిబెన్‌క్లమైడ్. ఏడు మూలికలతో పాటు, పది గుళికలకి రెండున్నర మిల్లీగ్రాముల ఇంగ్లీషు మందు. దాచిందేమీ లేదు, సీసా మీదే ఉంది. చదవలేనిది నేను. పొద్దున వేసుకునే గ్లిమిపిరైడ్‌దీ అదే జాతి. పాంక్రియాస్‌ని పిండి ఇన్సులిన్ రప్పించే మందుల్ని రెండు వైపుల నుంచీ వేసుకుంటున్నానన్నమాట. గ్లిబెన్‌క్లమైడ్ ఒంట్లో చాలాసేపు ఉంటుందని రాత్రంతా అక్కడే ఉంచారు. తెల్లవారుజామున నిజంగానే మళ్లీ దిగింది.

పాత డాక్టరు దగ్గరికి తలొంచుకునే వెళ్లాను. తిడతాడనుకుంటే, వాడే ప్రతి మందూ బల్ల మీద పెట్టమన్నాడు. గుళికలు పక్కకి నెట్టేశాడు. మెట్‌ఫార్మిన్ ఉంచాడు, గ్లిమిపిరైడ్ సగం చేశాడు, విజయవాడ డాక్టరుగారితో ఫోన్‌లో మాట్లాడాకే. కషాయం ఇంకో రెండు నెలలు తాగి మానేస్తానంటే "సరే, నడక మానకు" అన్నాడు. ఎనిమిది కిలోలు తగ్గాక గ్లిమిపిరైడ్ కూడా తీసేశారు. ఇప్పుడు మెట్‌ఫార్మిన్ ఒక్కటే, హెచ్‌బీఏ1సీ 6.6. ఇందులో కషాయం వాటా ఎంతో నేను చెప్పలేను. అన్నం వాటా మాత్రం చెప్పగలను.

మొన్న తెనాలి నుంచి బాబాయ్ ఫోన్ చేశాడు. "ఒరే, ఆ చైనా గుళికలు ఓ అరడజను సీసాలు పట్రారా."

"నువ్వేం వాడుతున్నావ్ బాబాయ్?"

"ఏముందీ, ఇరవయ్యేళ్లుగా అదే డయోనిల్."

"అందులో ఉండేదీ గ్లిబెన్‌క్లమైడే. ఆ గుళికల్లోనూ అదే. రెండూ కలిపితే ప్రమాదం."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ మాత్రం దానికి చైనా దాకా ఎందుకురా, మన సెంటర్లోనే దొరుకుతోందిగా" అన్నాడు.