స్లాట్ కారు టైర్లు: వెనక జిగురు, ముందు పూత

స్లాట్ కారు అంటే ట్రాకులోని సన్నటి గాడి వెంట కరెంటుతో పరుగెత్తే బొమ్మ కారు. దాని వెనక టైరు రిమ్ము మీద జారుతోందో లేదో తేల్చుకోవడానికి నేను ముందుగా ఒక గీత గీస్తాను. తెల్ల పెయింట్ మార్కరుతో రిమ్ము అంచు నుంచి టైరు పక్కగోడ దాకా సన్నటి గీత ఒకటి. పది రౌండ్లు తిప్పి ఆపి చూస్తే ఈ కారుకు ఎడమ పక్క గీత విడిపోయింది. రిమ్ము మీది సగం ముందుకెళ్లింది, టైరు మీది సగం దాదాపు పావు చుట్టు వెనకబడింది. కుడి పక్కది మాత్రం కదల్లేదు. కారు స్టార్టింగులో ఒక పక్కకు లాగడానికి కారణం అదే. మోటారు, గేరు విప్పే పనే లేకుండా పోయింది.

ఇది 1/32 సైజు కారు, అంటే అసలు కారులో 32వ వంతు. ఇరుసు 3/32 అంగుళం, అంటే 2.38 మి.మీ. వెనక రిమ్ములు అల్యూమినియంవి, ముందువి ప్లాస్టిక్‌వి. మోటారు ఇరుసుకు సమాంతరంగా కూర్చునే సైడ్‌వైండర్ రకం. మోటారు మొనన ఉండే చిన్న గేరుకు, అంటే పినియన్‌కు 11 పళ్లు, ఇరుసు గేరుకు 36. మోటారు 12 వోల్టుల దగ్గర నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతుందంటే, ఇరుసు సుమారు 5,500 చుట్లు తిరిగినట్టు. 20 మి.మీ. టైరు అంచున లెక్కేస్తే రబ్బరును బయటికి లాగే బలం దాని బరువుకు దాదాపు 340 రెట్లు. రిమ్ము మీద ఊరికే తొడిగిన రబ్బరు ఆ వేగంలో ఉబ్బుతుంది, మధ్యలో లేచి గుండ్రదనం పోగొట్టుకుంటుంది. తిన్నటి రోడ్డు మీద కారు సన్నగా గెంతుతూ టకటకమంటుంటే చాలాసార్లు కారణం ఇదే. జిగురు జారుడును ఆపుతుంది, ఈ ఉబ్బును కూడా ఆపుతుంది.

ఏ జిగురు వాడాలన్నది టైరు దేనితో చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. మామూలు రబ్బరుకు, యూరిథేన్‌కు ఫెవిక్విక్ లాంటి సయనోఅక్రిలేట్ బాగా పట్టుకుంటుంది. సిలికాన్ టైరుకు అది అసలు అంటదు. ఆరినట్టే కనిపించి గోటితో గీరితే పొరలాగా ఊడొస్తుంది. సిలికాన్‌కు సిలికాన్ సీలెంటే వాడాలి, 24 గంటలు ముట్టుకోకూడదు. ఫెవిబాండ్ తరహా రబ్బరు జిగురు అల్యూమినియం రిమ్ముకు మంచిదే. అయితే బిగుతైన టైరుకు దాన్ని రెండు వైపులా రాసి ఆరబెట్టే మామూలు పద్ధతి పనికిరాదు, తొడిగేటప్పుడు ఎక్కడ తాకితే అక్కడే పట్టేసి టైరు మెలిపడుతుంది. రిమ్ముకు మాత్రమే పలచగా రాసి తడి మీదే తొడగాలి. లోపల చిక్కుకున్న సాల్వెంట్ బయటికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. ప్లాస్టిక్ రిమ్ముల దగ్గర దాని జోలికి పోను, అందులోని సాల్వెంట్ ప్లాస్టిక్‌ను మెత్తబరిచి ఆకారం చెడగొడుతుంది.

ఈ కారు వెనక టైర్లు రబ్బరువి, రిమ్ములు అల్యూమినియంవి కాబట్టి పలచటి సయనోఅక్రిలేట్ తీసుకున్నాను. అరగ్రాము ట్యూబులో సగం కూడా ఖర్చు కాదు.

రిమ్ము ముఖాన్ని 220 నంబరు ఉప్పుకాగితంతో అడ్డంగా గీరాను, మెరుపు పోయి బూడిదరంగు వచ్చేదాకా. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మేచోట ఇది దొరుకుతుంది. టైరు లోపలి ముఖానికి అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి వాడిన జిడ్డు ఉంటుంది. గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, ఆరాక లోపలంతా ఉప్పుకాగితం ముక్కతో ఒక చుట్టు రుద్ది, మళ్లీ ఆల్కహాల్ పెట్టాలి. రెండు వారాలకే ఊడిపోయిన టైర్లను తిప్పి చూస్తే జిగురంతా రిమ్ముకే ఉండి రబ్బరు శుభ్రంగా కనిపిస్తుంది. ఈ జిడ్డు వదలకపోతే జరిగేది అదే.

ఇక అసలు పని జిగురు లేకుండానే టైరు తొడిగి చూడటం. రిమ్ము మధ్యలో సన్నటి గట్టు ఉంటుంది, టైరు లోపల దానికి సరిపడే గాడి ఉంటుంది. గాడి గట్టు మీద చుట్టూరా కూర్చోవాలి. టైరును రెండు వేళ్ల మధ్య పట్టుకుని రిమ్ము మీదే రెండు మూడు చుట్లు తిప్పితే సాగిన చోట్లు సర్దుకుంటాయి. తర్వాత ఇరుసును అది తిరిగే బుష్షుల్లో పెట్టి మెల్లగా తిప్పుతూ, టైరు పక్కగోడకు వెంట్రుకవాసి దూరంలో గుండుసూది మొన పెట్టి చూస్తాను. సూదికీ రబ్బరుకూ మధ్య సందు ఒకచోట మూసుకుపోయి ఇంకోచోట తెరుచుకుంటే టైరు వంకరగా కూర్చున్నట్టు. అరిగించి సరిచేద్దాంలే అని ఇక్కడ వదిలేస్తే దొరికిపోతాం. అరిగించడం నేలకు తాకే ముఖాన్నే గుండ్రంగా చేస్తుంది. పక్కకు ఊగడం అలాగే మిగులుతుంది, పైగా టైరు ఒక పక్క పలచబడుతుంది.

ఊగడం పోయాకే ట్యూబు తెరిచాను. ట్యూబు ముక్కుతో నేరుగా పోస్తే జిగురు పొంగి నేలకు తాకే ముఖం మీదికి పాకుతుంది. అక్కడ గట్టిబడిన చోటల్లా చుట్టుకొకసారి చప్పుడు చేస్తుంది. అందుకే ఒక చుక్కను ప్లాస్టిక్ మూతలో వేసి, గుండుసూది మొనతో ఆవగింజంత తీసుకుంటాను. టూత్‌పిక్‌తో టైరు అంచును కాస్త ఎత్తితే రిమ్ముకూ రబ్బరుకూ మధ్య నల్లటి సందు కనిపిస్తుంది. సూదిని అక్కడ తాకించగానే చుక్క మాయమైపోయి, సందు వెంట తడి మెరుపు అటూ ఇటూ నాలుగైదు మిల్లీమీటర్లు పాకుతుంది. టూత్‌పిక్ తీసేసి పది సెకన్లు నొక్కిపట్టాలి. ముందు 12 గంటల స్థానంలో, తర్వాత దానికి ఎదురుగా 6 దగ్గర, ఆపైన 3, 9. వరసగా చుట్టూ పెట్టుకుంటూ పోతే రబ్బరు ముందుకు నెట్టుకుంటూ వెళ్లి చివర్లో ఉబ్బు తేలుతుంది. నాలుగు చోట్లా పట్టుకున్నాక మధ్య ఖాళీలు నింపి, అవతలి అంచుకు కూడా ఇలాగే చేశాను. గట్టుకు రెండు వైపులా జిగురు పడితేనే టైరు మధ్యలో లేవకుండా ఉంటుంది.

ఒలికితే దూదితో తుడవకండి. పత్తి తగిలితే ఈ జిగురు ఒక్కసారిగా వేడెక్కి పొగలు కక్కుతుంది. ముఖం దాని మీదికి వంచకండి, కిటికీ తెరిచి ఉంచండి.

మన ఊరి వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. సయనోఅక్రిలేట్ గట్టిపడేది గాలిలోని తేమతో. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో గాలి ఎండిపోయి ఉంటుంది కాబట్టి నెమ్మదిగా పడుతుంది. పది సెకన్ల నొక్కుడు చాలదు, అరనిమిషం కావాలి. వానాకాలంలో దీనికి ఎదురు. టూత్‌పిక్ తీసేలోపే పట్టేస్తుంది, చుట్టూ తెల్లటి బూడిద పొర కూడా పడుతుంది. జిగురు తక్కువ పెట్టి, ఫ్యాను మెల్లగా తిరగనిస్తే ఆ తెలుపు చాలావరకు తగ్గుతుంది. తెరవని ట్యూబులు ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువ కాలం ఉంటాయి. అయితే బయటికి తీసి గది వేడికి వచ్చాకే తెరవాలి, లేకపోతే చల్లటి ట్యూబు మీద చేరిన చెమ్మ ముక్కులోనే జిగురును గడ్డ కట్టిస్తుంది.

ఒక రాత్రి ఆరనిచ్చి అరిగించడం మొదలుపెట్టాను. అద్దం ముక్క మీద కారు ముందు భాగాన్ని ఆన్చి, వెనక చక్రాల కింద ఉప్పుకాగితం పట్టీని డబుల్ సైడ్ టేపుతో అతికించాను. కారు ముక్కు కింద ఉండి ట్రాకు గాడిలో నడిచే ముక్కే గైడు. దాని కింద కరెంటు తీసుకునే రాగి జడలకు రెండు క్రొకడైల్ క్లిప్పులు తగిలించి, వోల్టేజీ మార్చుకునే అడాప్టరుతో 4 వోల్టులు ఇచ్చాను. 12 ఇస్తే రబ్బరు కాగి, పొడిగా రాలకుండా జిగటగా ఉండలు కడుతుంది. చేత్తో అదమకూడదు, కారు బరువే చాలు. ఐదు సెకన్లు ఆన్చి పది సెకన్లు ఎత్తిపట్టాలి. 180 నంబరుతో మొదలుపెట్టి 320, చివరికి 600.

ఎంత అరిగిందో చూడటానికి నేలకు తాకే ముఖమంతా వెండిరంగు మార్కరు పూశాను. మొదటి ఐదు సెకన్లకు ఎడమ టైరు మీద లోపలి అంచున ఒక పట్టీ మాత్రమే చెరిగింది, బయటి సగం వెండిలాగే మిగిలింది. అంటే అప్పటిదాకా ఆ టైరు సగం వెడల్పుతోనే నేలను పట్టుకుంటోంది. రంగు పూర్తిగా పోయేదాకా అరిగించి వెర్నియర్‌తో కొలిస్తే 20.4 మి.మీ. కాస్తా 20.0 అయింది. కుడిదాన్ని కూడా 20.0కే తెచ్చాను. రెండూ ఒకే ఇరుసు మీద బిగిసి ఉంటాయి కదా, కొలత తేడా ఉంటే ఒకటి ఎప్పుడూ నేలను రాసుకుంటూనే ఉంటుంది. చివరగా బయటి అంచుల పదును 600 కాగితంతో కొద్దిగా గుండ్రం చేశాను. పదునైన అంచు మలుపులో నేలను కరుచుకుని కారును పల్టీ కొట్టిస్తుంది.

వ్యాసం 0.4 తగ్గితే కారు వెనక భాగం 0.2 మి.మీ. కిందికి దిగుతుంది. అడుగున అయస్కాంతం ఉన్న కారుకు ఇది చిన్న మార్పు కాదు, ట్రాకులోని లోహపు పట్టాకు దగ్గరైనకొద్దీ లాగుడు గబగబా పెరుగుతుంది. 80 జీఎస్ఎం కాగితం మందం సుమారు 0.1 మి.మీ. అలాంటివి ఐదు పేర్చి అయస్కాంతం కింద, గేరు కింద దూర్చి చూశాను. తగలకుండా వచ్చాయి, సరిపోయింది.

ముందు టైర్ల సంగతి పూర్తిగా వేరు. వాటికి పట్టు ఉండకూడదు. కారును మలుపు తిప్పేది గాడిలోని గైడు. ముందు టైరు నేలను పట్టుకుంటే గైడుతో పోటీపడి, ముక్కును ఎత్తి గాడిలోంచి బయటికి తోస్తుంది. అందుకే వాటికి పూత.

ముందు ఇరుసును డ్రిల్లు చక్‌లో పెట్టి, అతి తక్కువ వేగంలో తిప్పుతూ 320, 600, 1000 కాగితాలతో గుండ్రంగా, నున్నగా చేశాను. ఆల్కహాల్‌తో తుడిచాక రంగులేని నెయిల్ పాలిష్. బ్రష్షును సీసా మూతికి రెండు వైపులా ఒత్తి దాదాపు పొడిగా చేసుకుని, చక్రాన్ని వేళ్లతో తిప్పుతూ ఒకే చుట్టులో పూయాలి. తడిగా వదిలేస్తే కిందికి జారి ఒకచోట బొట్టులా గట్టిపడుతుంది, పడ్డ శ్రమంతా పోయి టైరు మళ్లీ గుండ్రదనం తప్పుతుంది. రెండు నిమిషాలు తిప్పుతూనే ఉన్నాను. గంట తర్వాత రెండో పూత. పక్కగోడకు అంటనివ్వలేదు, అక్కడ వంగినప్పుడు పొలుసులుగా లేస్తుంది. కొందరు దీనికీ సయనోఅక్రిలేట్ పూస్తారు. అది ఇంకా నున్నగా వస్తుంది గానీ మెత్తటి రబ్బరు మీద పెళుసుగా పగులుతుంది, తీయాలంటే టైరునే అరిగించాలి. నాకు నెయిల్ పాలిషే నచ్చుతుంది.

మర్నాడు కారును అద్దం మీద పెట్టి, గైడు అంచు దాటిన చోట కిందికి వేలాడేలా చూసుకుని, ఒక్కో ముందు టైరు కింద కాగితం ముక్క దూర్చాను. ఎడమ కింద కాస్త రాసుకుంటూ కదిలింది, కుడి కింద వదులుగా కదిలింది. అంత తేడా పరవాలేదు, తాకీ తాకనట్టు ఉంటే చాలు. తర్వాత ఇరవై రౌండ్లకు వెనక రెండు టైర్ల గీతలూ అతుక్కునే ఉన్నాయి. ముందు కుడి టైరు బయటి అంచున మాత్రం పూత మెరుపు అప్పుడే మసకబారింది. వచ్చే వారం ఆ అంచుకు ఇంకో పూత పడాలి.