1,400 రూపాయల తేడా: యాంట్లర్ 3 నుంచి 4కు మారిన నా అనుభవం

భీమవరం చుట్టుపక్కల చెరువుల నుంచి రొయ్యలు కొనే ఒక వ్యాపారికి లెక్కల సాఫ్ట్‌వేర్ రాసిపెట్టింది నేనే. రొయ్య ధర కౌంటును బట్టి, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆపైన తరుగు, ఐసు, రవాణా లెక్కలు సీజనుకొక తీరుగా మారతాయి కనుక, గుమాస్తాగారే సూత్రాలను తెలుగులో రాసుకునేలా 2011లో ఒక చిన్న భాషను తయారుచేశాను. ‘చెల్లింపు = మొత్తం - తరుగు + రవాణా’ అని ఆయన రాస్తే, యాంట్లర్ 3తో పుట్టించిన పార్సర్ దాన్ని చదివి లెక్క కట్టేది. వ్యాకరణం, అంటే భాష నియమాలు, రాసిస్తే ఆ భాషను చదివే పార్సర్ ప్రోగ్రామును పుట్టించే సాధనమే యాంట్లర్.

యాంట్లర్ 4 2013 జనవరిలోనే వచ్చింది. నడుస్తున్న బండిని ఎందుకు విప్పడమని చాలా ఏళ్లు దాని జోలికి పోలేదు. పాత వ్యాకరణంలో ఒక షరతు చేర్చడానికి నాకే రెండు రోజులు పట్టిన తరువాత, పాలకొల్లులోని మా ఇంట్లో కూర్చుని పని మొదలుపెట్టాను.

మూడో వెర్షన్‌లో నియమాల పక్కనే బాణం గుర్తులతో, సూత్రంలోని భాగాలను కొమ్మలుగా చూపే చెట్టును మలుచుకుని, దాని కొమ్మలన్నీ తిరిగి లెక్క కట్టడానికి ట్రీ గ్రామర్ అనే వేరే వ్యాకరణం రాసేవాళ్లం. నాలుగులో ఆ రెండూ లేవు. పార్స్ ట్రీ అనే చెట్టును అదే కడుతుంది, దాని కొమ్మలు తిరగడానికి విజిటర్, లిజనర్ అనే తయారు కోడ్ చట్రాలను ఇస్తుంది. నేను మాత్రం పాత చెట్టు మీది మమకారంతో దాని నోడ్‌లన్నిటినీ చేత్తో మళ్లీ కట్టబోయి ఒక వారం వృథా చేసుకున్నాను. చివరికి వాటిని వదిలేసి విజిటర్ రాస్తే నాలుగు రోజుల్లో అయిపోయింది.

పేర్ల దగ్గర ఇంకో దెబ్బ తగిలింది. పాత లెక్సర్‌లో, అంటే రాతను పేర్లుగా, గుర్తులుగా విడగొట్టే భాగంలో, తెలుగుకు యూనికోడ్ కేటాయించిన 128 స్థానాలనూ ఒకే పరిధిగా ఇచ్చాను. కొత్తదానిలో యూనికోడ్ వర్గాలను వాడే వీలుంది కదా అని ‘అక్షరం’ అనే వర్గం ఒక్కటే రాశాను. గుణింతపు గుర్తులు, పొల్లు ఆ వర్గంలోకి రావు, వాటిది వేరే వర్గం. అందువల్ల ‘తరుగు’లో ‘తర’ ఒక పేరై, కొమ్ము దగ్గర లెక్సర్ ఆగిపోయింది. ఆ రెండో వర్గాన్నీ, ఫోన్ కీబోర్డులు పొల్లు తరువాత చొప్పించే కనబడని విభజక గుర్తునూ చేర్చాక, పాతదానికి మింగుడుపడని ‘ఐస్‌ఖర్చు’ కూడా పేరుగా చెల్లింది.

అసలు తప్పు వేరే చోట చేశాను. మూడో వెర్షన్‌లో ఒక నియమం తనతోనే మొదలుకాకూడదు కనుక, కూడిక తీసివేతలకు ఒక నియమం, దాని లోపల గుణకార భాగహారాలకు ఇంకొకటి, ఇలా అంతస్తులుగా రాయవలసి వచ్చేది. నాలుగులో నేరుగా వచ్చే ఎడమ పునరావృతి, అంటే నియమం తనతోనే మొదలవడం, చెల్లుతుంది. ఒకే నియమంలో వరుసగా రాసుకుంటే, పైనున్న ప్రత్యామ్నాయానికి ప్రాధాన్యం ఎక్కువ. గుణకారాన్ని పైన పెట్టడం మరచిపోలేదు గానీ, కూడికను ఒక వరుసలోనూ తీసివేతను దాని కింది వరుసలోనూ విడివిడిగా రాశాను. నా పరీక్షల్లో ఆ రెండూ కలిసి వచ్చిన సూత్రం ఒక్కటీ లేదు.

మొదటి రోజే గుమాస్తాగారు ఫోన్ చేశారు. “ఏవండీ, మీ కంప్యూటరేమో 50,000 అంటోందండి, నా కాగితమేమో 51,400 అంటోంది. రైతుగారు ఎదురుగానే కూర్చున్నారండి.”

మొత్తం 52,000, తరుగు 1,300, రవాణా 700. పార్స్ ట్రీని అచ్చువేయించి చూస్తే తరుగు, రవాణా ముందుగా కలిసి 2,000 అయి, ఆ తరువాత మొత్తంలోంచి పోయాయి. ప్లస్‌కు మైనస్ కన్నా ఎక్కువ ప్రాధాన్యాన్ని నా చేతులతో నేనే ఇచ్చానన్నమాట. రెండు గుర్తులనూ ఒకే ప్రత్యామ్నాయంలోకి తెచ్చాక లెక్క ఎడమ నుంచి కుడికి సాగి 51,400 వచ్చింది.

ఆ సాయంత్రమే పాత పార్సర్‌ను మళ్లీ పక్కన నిలబెట్టి, గత సీజన్ల బిల్లులన్నిటినీ దాని చేతా, దిద్దకముందటి కొత్తదాని చేతా లెక్క కట్టించాను. అదే పొరపాటు వల్ల తప్పు లెక్క వచ్చే సూత్రాలు ఇంకో మూడు బయటపడ్డాయి. ఈ పని మొదటి వారంలో చేయవలసింది. ఇప్పుడు రోజూ రాత్రి రెండు పార్సర్లూ ఆ రోజు బిల్లులను విడివిడిగా లెక్క కడుతున్నాయి. ఈ సీజను ముగిసేదాకా పాతదాన్ని తీయనని గుమాస్తాగారికి మాటిచ్చాను.